7.4 రసాయన స్థానభ్రంశం: విమర్శనాత్మక పరిశీలన

వెలిగండ్ల, కనిగిరి ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతున్నవారికి ఫ్లోరిన్ అనగానే బోరునీళ్లు, ఫ్లోరోసిస్ గుర్తుకు వస్తాయి. నీటిలో ఉండేది ఫ్లోరైడ్ అయాను. ఇక్కడ అదే మూలకాన్ని కార్బన్‌తో బంధంలో ఉన్నప్పుడు పరిశీలిద్దాం. పక్కనున్న కార్బన్ మీద అది చూపే ప్రభావాన్ని ఎలా కొలుస్తారు? ఆ కొలతకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే వివరణ ఎంతవరకు సరైనది?

పద్ధతి మీకు తెలిసిందే. ఎక్స్-కిరణ ఫోటాన్ శక్తి నుంచి బయటికి వచ్చిన ఎలక్ట్రాన్ గతిజ శక్తిని తీసివేస్తే బంధన శక్తి వస్తుంది. అల్యూమినియం కిరణాల శక్తి 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులు. మీథేన్ కార్బన్ 1ఎస్ ఎలక్ట్రాన్ 1195.8 ఎలక్ట్రాన్ వోల్టులతో బయటపడితే, దాని బంధన శక్తి 290.8.

స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన కై సీగ్బాన్‌కు 1981లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆయన బృందం చూపిన ప్రసిద్ధ ఉదాహరణ ఇథైల్ ట్రైఫ్లోరోఎసిటేట్. అందులోని నాలుగు కార్బన్లు నాలుగు వేర్వేరు శిఖరాలు ఇస్తాయి. మూడు ఫ్లోరిన్లున్న కార్బన్‌ది అత్యధిక బంధన శక్తి, మిథైల్ కార్బన్‌ది అత్యల్పం. రెంటి మధ్య తేడా 7 ఎలక్ట్రాన్ వోల్టులకు పైనే. "ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను లాగింది, కార్బన్ మీద ధనావేశం పెరిగింది, అందుకే శిఖరం జరిగింది" అని పుస్తకాలు వివరిస్తాయి.

ఈ వివరణ సగమే నిజం. అది అణువు మొదటి స్థితినే చూస్తుంది. కాని మనం కొలిచేది అణువుకూ, ఎలక్ట్రాన్ పోయాక మిగిలిన అయానుకూ మధ్య శక్తి తేడా. లోపలి ఎలక్ట్రాన్ పోగానే మిగతా ఎలక్ట్రాన్లు కేంద్రకం వైపు సర్దుకుంటాయి. మీథేన్ కక్ష్య శక్తిని లెక్కగడితే సుమారు 305 వస్తుంది, కొలిస్తే 290.8. ఈ తేడా దాదాపు 14. మీథేన్ నుంచి కార్బన్ టెట్రాఫ్లోరైడ్ వరకు శిఖరం జరిగేది 11 మాత్రమే! సర్దుబాటు శక్తి పోలికగల అణువుల్లో దాదాపు సమానంగా ఉండి రద్దవుతుంది కాబట్టే పాత వివరణ నిలబడింది.

పోలిక లేనిచోట జాగ్రత్త అవసరం. కార్బన్ మోనాక్సైడ్‌లో కార్బన్ బంధన శక్తి 296.1, అంటే మీథేన్ కంటే 5.3 ఎక్కువ. శిఖరాన్ని బట్టి కార్బన్ ధనావేశితం అంటారు. అయితే ఆ అణువు ద్విధ్రువ భ్రామకంలో (0.11 డిబై) రుణ కొస కార్బన్ వైపే ఉంది. ఆక్సిజన్‌కు ఎదురు దిశలో చాచుకున్న ఒంటరి జంట భ్రామకాన్ని అలా మారుస్తుంది. ఈ రెండు కొలతలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

అధిక పృథక్కరణ సామర్థ్యం ఇంకో విషయం బయటపెట్టింది. మామూలు అల్యూమినియం కిరణాల వెడల్పే సుమారు 0.85 ఎలక్ట్రాన్ వోల్టులు. 1974లో ఉప్సల బృందం ఏకవర్ణ ఎక్స్-కిరణాలు వాడినప్పుడు మీథేన్ శిఖరంలో సుమారు 0.4 దూరంలో కంపన రేఖలు కనిపించాయి. ఎలక్ట్రాన్ పోయాక కార్బన్-హైడ్రోజన్ బంధం సుమారు 5 పికోమీటర్లు కుదించుకుపోయి, అయాను కంపిస్తుందన్నమాట. అందువల్ల మొదటి రేఖ విలువకూ సగటు విలువకూ సుమారు 0.15 తేడా ఉంటుంది. అంతకంటే చిన్న స్థానభ్రంశాలను పోల్చేముందు, ఏ విలువ ఇచ్చారో తప్పక చూడండి. నేడు ఇలాంటి కొలతలకు సింక్రోట్రాన్ కాంతి వాడతారు.

మీ ఊరి నీటిని ఈ పరికరంతో పరీక్షించవచ్చా? ఈ పద్ధతికి శూన్యం కావాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి దగ్గర ఫ్లోరైడ్‌ను కొలవడానికి అయాన్ ఎలక్ట్రోడ్ చాలు. ఏ సాధనం ఏ ప్రశ్నకు పనికివస్తుందో తెలుసుకోవడమూ విమర్శలో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: "శిఖరం ఎంత జరిగితే ఆవేశం అంత" అనే వాక్యాన్ని రెండు ఉదాహరణలతో విమర్శించండి.