పానా పట్టేముందు

మంచి మెకానిక్ పానా పట్టడానికి తొందరపడడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు మనతో మాట్లాడతాడు. విజయవాడ దగ్గరి మైలవరంలో నా కారు బాగుచేసిన మేస్త్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "వేడి ముల్లు ఎప్పుడు పైకెక్కుతోందండీ? బండి ఆగి ఉన్నప్పుడా, స్పీడు మీద ఉన్నప్పుడా?"

అప్పటికే ఆ కారును ఇంకొక చోట చూపించాను. అక్కడ బానెట్ ఎత్తి, రేడియేటర్ వంక చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు విప్పాల్సిందే" అని క్షణాల్లో తేల్చేశారు. హెడ్డు విప్పడమంటే వేలల్లో ఖర్చు, రోజుల తరబడి బండి లేకపోవడం. మైలవరం మేస్త్రి అడిగాక ఆలోచించి చెప్పాను: ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ముల్లు ఎక్కుతోంది. జి.కొండూరు వైపు రోడ్డు ఖాళీ అయ్యాక మళ్లీ దిగుతోంది.

ఆ జవాబులోనే సగం పని అయిపోయింది. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడే బండిలో ముందు అనుమానించాల్సింది ఫ్యానునే. స్పీడు మీద వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయిందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, వాటర్ పంపు నీళ్లు తోస్తోందా అని వెతకాలి. గ్యాస్కెట్ పోతే కనిపించే గుర్తులు వేరు: కూలెంట్ తగ్గిపోతుంటుంది, రేడియేటర్లో బుడగలు లేస్తాయి, పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తుంది. నీళ్లు కలిస్తే ఆయిలు పాలు పోసిన కాఫీ రంగుకు తిరుగుతుంది.

బండిని రాత్రికి అక్కడే వదిలేయమన్నాడు. ఇంజిను పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలన్నది ఆ షెడ్డులో మొదటి నియమం. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. మర్నాడు డిప్‌స్టిక్ తీసి ఆయిలు చూశాడు, శుభ్రంగా ఉంది. రేడియేటర్‌కు చేతిపంపు బిగించి ఒత్తిడి ఎక్కించాడు, పంపు మీటరు ముల్లు పడిపోకుండా నిలబడింది. గ్యాస్కెట్ మీద అనుమానం అక్కడితో దాదాపు తీరిపోయింది. తర్వాత బ్యాటరీ నుంచి ఫ్యానుకు నేరుగా వైర్లు తగిలించాడు. తిరిగింది, అంటే మోటారు బాగుంది. ఫ్యూజు కూడా బాగుంది. అదే కొలతలో ఉన్న హారన్ రిలే ఊడదీసి ఫ్యాను రిలే ఉన్నచోట గుచ్చి, ఇంజిను స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాడు. సరైన వేడికి ఫ్యాను గిర్రున తిరిగింది. పోయింది అగ్గిపెట్టె కంటే చిన్నదైన రిలే ఒక్కటే.

అక్కడితో ఆగి ఉంటే నేను అతన్ని తెలివైనవాడు అనుకునేవాణ్ని. రేడియేటర్ మూతలోని రబ్బరు గట్టిపడిందని చూపించినప్పుడు, అతను జాగ్రత్తపరుడు కూడా అని తెలిసింది. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచబట్టే నీళ్లు 100 డిగ్రీలకు మరగకుండా 115, 120 దాకా తట్టుకుంటాయి. రబ్బరు పోతే ఆ బలం పోతుంది. పైగా రేడియేటర్లో ఉన్నది బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఉన్న నీళ్లు సన్నటి గొట్టాల లోపల గార కడతాయి. కూలెంట్ మంచు కురిసే దేశాలకే అవసరమని మనలో చాలామంది అనుకుంటారు. తుప్పు పట్టకుండా కాపాడేదీ, మరిగే వేడిని పెంచేదీ అదే కాబట్టి, వేసవిలో ఉడికిపోయే మన ప్రాంతానికే అది మరింత అవసరం. లోపలంతా కడిగి, కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజినును నడిపి, రోడ్డు మీద ట్రయలు వేశాకే తాళం నా చేతిలో పెట్టాడు. తీసేసిన రిలే, మూత ఒక కవరులో చుట్టి ఇచ్చాడు.

ఈ పద్ధతి ఒక్క షెడ్డులో పుట్టినది కాదు. మైలవరం 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి కొండపల్లి, మైలవరం, తిరువూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే రోడ్డది. థర్మల్ కేంద్రం బూడిద లారీలు, వేసవిలో నున్న మార్కెట్‌కు వెళ్లే మామిడి లోడ్లు, ట్రాక్టర్లు, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు ఈ దారినే తిరుగుతాయి. ఈ దారి పక్కన ఉన్న షెడ్లకు పెద్ద బడి విజయవాడ ఆటోనగర్. చెన్నై-కోల్‌కతా రోడ్డు, హైదరాబాదు-మచిలీపట్నం రోడ్డు కలిసే నగరంలో, 1960లలో మొదలైన జవహర్ ఆటోనగర్ ఒక్కో పనికి ఒక్కో నిపుణుణ్ని తయారుచేసింది. క్రాంకు గ్రైండింగ్ ఒకచోట, సిలిండర్ బోరు పని ఒకచోట, కమాన్లు కొట్టేవారు, రేడియేటర్లు అతికేవారు, లారీ బాడీ కట్టేవారు వేరు వేరు. మైలవరంలో హెడ్డు విప్పితే దాన్ని చదును చేయించే ఫేసింగ్‌కు ఆటోనగర్ వెళ్లి రావాల్సిందే. మా మేస్త్రి చేయి తిరిగిందీ అక్కడే.

ఆ బడిలో మొదటి పాఠం కడగడం. కొత్తగా చేరిన కుర్రాడు విప్పిన సామాన్లను కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో కడుగుతూ వాటి ఆకారాలు నేర్చుకుంటాడు. తర్వాత పానాలు అందించడం. మేస్త్రి చేయి చాపేసరికి కావాల్సింది పది-పదకొండా, పన్నెండు-పదమూడా, పద్నాలుగు-పదిహేనా అని బోల్టు తలను చూసి చెప్పగలగాలి. ఆ తర్వాతే బిగింపు. ఏ బోల్టునైనా మొదటి రెండు మరలు వేళ్లతోనే ఎక్కించాలి. నేరుగా పానాతో తిప్పితే అల్యూమినియంలో మర పోతుంది, పది నిమిషాల పని లేతు షాపు దాకా వెళ్తుంది. హెడ్డు బోల్టులు విప్పేటప్పుడు చివర్ల నుంచి మధ్యకు, బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకు, విడతలు విడతలుగా. అదీ ఇంజిను చల్లారాకే, లేకపోతే హెడ్డు వంగుతుంది. మైలవరం షెడ్డులో ఒక అట్టముక్క చూశాను. దాని మీద హెడ్డు ఆకారం గీసి, ఎక్కడి బోల్టు అక్కడే గుచ్చి పెట్టారు. ఇంతకంటే గౌరవించదగ్గ చిత్రపటం నేను ఏ గోడ మీదా చూడలేదు.

జాగ్రత్త విలువ విజయవాడకు 2024లో బాగా తెలిసింది. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టే బుడమేరు, ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు పొంగి, సింగ్‌నగర్ వైపు కాలనీలను ముంచేసింది. నీళ్లు తీశాక యజమానుల్లో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన సెల్ఫ్ కొట్టి చూద్దామనే. అదే ప్రమాదం. గాలి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండర్లో నీళ్లుండగా ఇంజిను తిరిగితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తెలిసిన మేస్త్రి ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేస్తాడు. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా చూస్తాడు. ప్లగ్గులు విప్పి, ఇంజినును చేత్తో తిప్పి, నీళ్లు బయటికి వచ్చేస్తాయేమో చూస్తాడు. ఆయిలు మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మారుస్తాడు. సీట్లూ కార్పెట్లూ తీసి, కనెక్టర్లు ఒక్కొక్కటీ ఆరబెడతాడు. చూసేవాళ్లకు ఇదంతా ఆలస్యంగా కనిపిస్తుంది గానీ, ఇంజినును కాపాడేది ఈ ఆలస్యమే.

ఇప్పుడు స్కానర్లు వచ్చాయి కదా, పాత విద్యలతో పనేముంది అంటారు కొందరు. స్కానర్ పి0301 అని చూపిస్తే, మొదటి సిలిండర్ సరిగా మండడం లేదని అర్థం. కాయిల్ వల్లా, ప్లగ్గు వల్లా, ఇంజెక్టర్ వల్లా అనేది అది చెప్పదు. తొందరపడేవాడు మూడూ మార్చి బిల్లు వేస్తాడు. ఆటోనగర్ పద్ధతిలో పెరిగినవాడు మొదటి కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి మళ్లీ చూస్తాడు. తప్పు పి0302కు మారితే దొంగ కాయిలే. నా కారుకు హారన్ రిలేతో చేసిన పరీక్షకూ దీనికీ తేడా లేదు.

నా బిల్లులో కూలెంట్, మూత, రిలే ధరలున్నాయి. మజూరీ అన్నింటికంటే తక్కువ. ఇదేమిటని అడిగితే, "పెద్దగా విప్పిందేముందండీ" అన్నాడు. ఇక్కడే నాకు అతనితో పేచీ. విప్పకుండా తేల్చినందుకే అతనికి ఎక్కువ ఇవ్వాలి. సామానుకు డబ్బిచ్చి బుద్ధికి బేరమాడే అలవాటు మనది. అందుకే కొన్నిచోట్ల మేస్త్రులకు అవసరం లేని సామాను మార్చి బతకాల్సి వస్తోంది. పరీక్షకు వేరుగా ఇంత అని రాయమని పట్టుబట్టాను, మొహమాటపడుతూనే రాశాడు.

మనం చేయాల్సిందీ కొంత ఉంది. ముల్లు ఎప్పుడు ఎక్కిందో, ఏసీ వేసి ఉందో లేదో, చప్పుడు మలుపులోనా బ్రేకు వేసినప్పుడా అన్నది గమనించి చెప్పాలి. మధ్యలో ఎవరైనా చేయిపెట్టి ఉంటే దాచకూడదు. గంటలో కావాలని మీద నిలబడకూడదు. వేడెక్కే బండి అయితే ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, బస్సెక్కి ఇంటికి రావాలి.