చైను లేని వెనక చక్రం

శృంగవరపుకోట దాటి టైడా మీదుగా అరకు ఎక్కే ఘాట్ రోడ్డులో వెనక టైరు పంక్చరైతే మామూలు బండికి పెద్ద పనే. యాక్సిల్ నట్టు విప్పాలి, చైను తప్పించాలి, మళ్లీ దాని బిగువు సరిచూడాలి.

చైనుకు బదులు షాఫ్టుతో వెనక చక్రం తిరిగే బండికి ఆ చైను తంటా లేదు.

అలాంటి బండే బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్‌; దాని వెనక చక్రం ఒక పక్కనే ఆనుతుంది. సెంటర్ స్టాండు వేసి ఐదు బోల్టులు విప్పితే చేతికొస్తుంది. షాఫ్టు చివర నూనెలో తిరిగే గేర్ల జోలికి పోనక్కర్లేదు. ఎంత చక్కటి అమరిక!

నేర్పంతా బిగింపులోనే. చక్రం ఆనే చోటును గుడ్డతో శుభ్రంగా తుడవాలి. బోల్టులను ముందు చేత్తోనే తిప్పి, ఎదురెదురుగా, విడతలుగా, 60 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. ఆటోకీ చైనుండదు; దాని చక్రాలు రోజూ విప్పే పంక్చర్ షాపు కుర్రాడికి ఈ వరస కొట్టినపిండి.