గట్టి పలక, తగిన ఉలి

పూర్వపు మహబూబునగరం జిల్లాలో, తుంగభద్రా తీరమున, ఆలంపురపు నవబ్రహ్మాలయాలు ఉన్నవి. 2016 నుండి ఈ ఊరు జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో ఇసుకరాతితో కట్టించిన ఈ ఆలయాలలో, ప్రదక్షిణ మార్గానికి వెలుతురు వచ్చుటకై రాతిపలకలను తొలిచి చేసిన గవాక్షాలు కనబడతవి. వీటిని వర్ణించేవారు శిల్పి రాతిని మైనమువలె మలిచినాడని మెచ్చుకోవడం పరిపాటి. ఈ మెప్పులో గౌరవం ఉన్నది గాని, శాస్త్రం లేదు. రాయి మైనమైతే శిల్పికి తెలియవలసినది ఏమున్నది?

పాఠశాలలో చెప్పే మోస్ కాఠిన్య పట్టిక కూడ ఇక్కడ చాలదు. ఇసుకరాతిలో ప్రధానమైన క్వార్ట్జ్ కాఠిన్యం 7. ఉలికి వాడే ఉక్కుది సుమారు 6. పట్టిక ప్రకారం ఉలి ఓడిపోవలెను, కాని ఓడదు. కారణమేమి? ఉలి రేణువును గీయదు. రేణువులను పట్టి ఉంచిన బంధకాన్ని త్రెంచి వాటిని ఊడగొట్టును. భువనగిరి కోట నిలిచిన గ్రానైటు కొండలో ఇట్టి బంధకం లేదు. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ స్ఫటికాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని పెరిగినవి. కనుక క్వార్ట్జ్ రెంటిలో ఉన్నప్పటికి గ్రానైటు ఉలికి సులభంగా లొంగదు.

నేడు ఈ రాళ్లను కోసే వజ్రపు చక్రాలలోను ఇదే సూత్రం కలదు. వజ్రపు రేణువులను ఒక లోహం పట్టి ఉంచును. గట్టి గ్రానైటుకు మెత్తని లోహం కావలెను; మొద్దుబారిన వజ్రం రాలిపోయి, క్రొత్తది పైకి తేలును. ఇసుకరాతి పొడి లోహాన్ని త్వరగా అరగదీయును గనుక దానికి గట్టి లోహం కావలెను. గట్టిదానికి మెత్తనిది, మెత్తనిదానికి గట్టిది: వినుటకు తలక్రిందులుగా తోచినా, ఇది నిజం.

వడ్రంగి రౌటరుకు బిగించే బిట్‌ను చూడండి. ప్లైవుడ్‌లోని జిగురు, పైనున్న లామినేటు మామూలు ఉక్కు పదునును త్వరగా చంపును. అందువలన టంగ్‌స్టన్ కార్బైడ్ వాడుతారు. ఇందులోను కార్బైడ్ రేణువులను కోబాల్టు పట్టి ఉంచును. కోబాల్టు హెచ్చితే బిట్ దెబ్బకు ఓర్చును గాని, కాఠిన్యం తగ్గును. రెండు ముఖాల లామినేటు ఉన్న పలకకు, క్రింది అంచు చెక్కును పైకి, పై అంచు క్రిందికి నెట్టే బిట్ ఎన్నుకొనవలెను. అప్పుడు అంచులు పెళుసుగా లేవవు.

ఈ ఎంపిక తప్పితే పోయేది పదును మాత్రమే కాదు. సరిపడని చక్రం గ్రానైటుపై నునుపెక్కి కోయక జారును, పనివాడు మరింత అదుముతాడు, చక్రం వేడెక్కును, పని సాగదు. నీరు పోయకుండ కోస్తే క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగించును. ఆ చెరుపు తిరిగి బాగుపడదు.

కావున ఉపాధ్యాయులు కాఠిన్య పట్టిక ప్రక్కన ఇంకొక గడి గీయించడం మంచిది: "రేణువులను పట్టి ఉంచినది ఏది?" ఆ గడి నింపిన విద్యార్థి ఆలంపురపు గవాక్షాన్ని చూచినప్పుడు, శిల్పి చేతి నేర్పుతో పాటు అతడు రాతిని చదివిన తీరును కూడ మెచ్చుకోగలడు.