పెరటిలో నూల్కోలు

కూరగాయలలో నూల్కోలునకు మన తెలుగువారి నడుమ దక్కవలసిన గౌరవము దక్కలేదని నా దృఢవిశ్వాసము. బజారులో తూకమునకై పెంచబడి, పీచు ముదిరి, కత్తికి లొంగని కాయను కొని వండి, ఇదియే దీని స్వభావమని నిర్ణయించుకొన్నవారు, అదే మొక్కను తమ పెరటిలో పెంచి, లేతవయసున కోసి, పచ్చి ముక్కను నోట వేసికొన్నచో, ఆ నిర్ణయమును తామే మార్చుకొందురు.

వాడుకలో గడ్డ యని వ్యవహరించుచున్నను, ఇది భూగర్భమున ఊరు దుంప కాదు. క్యాబేజీ, కాలీఫ్లవరులతో ఏకజాతీయమైన యీ మొక్క యొక్క కాండమే నేలకు పైన ఉబ్బి, ఆకుల కాడలను దేహమంతట ధరించి వర్తులాకృతి దాల్చుచున్నది. కావున దీనిచుట్టు మన్ను ఎగదోయరాదు. ఉబ్బిన భాగమునకు గాలియు వెలుతురును నిరంతరముగా సోకవలెను.

బెంగుళూరు, కోలారు, హోసూరు ప్రాంతముల పీఠభూమి సముద్రమట్టమునకు ఇంచుమించు 800 మొదలు 900 మీటర్ల ఎత్తున, చల్లగా నుండుటచే, తరతరములుగా అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు కన్నడిగులు నవిలుకోసు అని పిలుచు నూల్కోలు ఇంటికూరయే. వానలు వెనుకపట్టు పట్టి రాత్రులు చల్లబడు దినములలో నారు పోసి, మూడు నాలుగు వారముల నారును సాలునకు సాలు 30, మొక్కకు మొక్క 20 సెంటీమీటర్ల యెడముగా నాటుదురు. 15 దినముల కొకమారు కొద్ది కొద్దిగా నారు పోసికొన్నవారికి చలికాలమంతయు లేతకాయ లభించును.

ఈ సేద్యమున సర్వస్వమును ఒక్క సూత్రమున నిమిడియున్నది: మొక్క పెరుగుదలకు ఒక్కనాడైనను ఆటంకము కలుగరాదు. వేళ్లు మన్ను పైపొరలోనే ప్రాకును గనుక, రెండు మూడు దినములు తడి లేకున్నచో కాండము లోలోపల పీచు కట్టును. పిదప ఆ కొరత తీర్పనెంచి ఒక్కమారుగా నీరు ముంచెత్తినచో, బిగిసిన చర్మము విచ్చి కాయ పగులును. అందుచే బాగుగా చివికిన పశువుల యెరువును ముందుగనే మన్నున కలిపి, పాదులపై ఎండుటాకులు పరచి, తడి ఆరకుండ స్వల్పముగా తరచు నీరు పెట్టుట మేలు. మెత్తదనము వంటింట పుట్టునది కాదు, పాదులోనే పుట్టవలెను.

శత్రువులలో ఘోరమైనది ఆకులను జల్లెడగా మార్చు డైమండు రెక్కల పురుగు. బెంగుళూరు చెంత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు క్యాబేజీ తోటలకై చూపిన ఉపాయము మనోహరమైనది: సాళ్ల నడుమ ఆవమొక్కలు పెంచినచో, తల్లిపురుగులు వానియందు మక్కువతో గ్రుడ్లు పెట్టును. సజాతీయమైన నూల్కోలు మడి అంచునను ఆవాలు చల్లి చూడదగును. పేనుబంకకు వేపగింజల కషాయము చాలును. నిరుడు క్యాబేజీ, ముల్లంగి, ఆవ పెరిగిన తావున దీనిని మరల నాటకుండుట తెగుళ్ల నివారణమునకు ఉత్తమమార్గము.

నాటిన 50 మొదలు 60 దినములలో కాయ 5 మొదలు 7 సెంటీమీటర్ల అడ్డుకొలత పొందును. ఇదియే కోతకు తగిన ముహూర్తము. ఇంకొక వారము ఆగిన ఇంకొంత పెరుగునను ఆశయే యెందరి శ్రమనో వ్యర్థము చేయుచున్నది. అమ్ముకొనువానికి తూకము ముఖ్యము గావచ్చును. తన పళ్లెమునకై పెంచుకొనువానికి ఆ నిర్బంధము లేదు, పెరటిసేద్యమునకు గల మహాభాగ్య మిదియే. పీచు అడుగుభాగముననే అధికముగా చేరును గనుక, తొక్కను అచ్చట మందముగ చెక్కి, పైభాగమున పలుచగ తీసి, కూటునకో సాంబారునకో ముక్కలు కోయవలెను.

మన దేశమున దీనిని సంపూర్ణముగా అనుభవించువారు కాశ్మీరీయులు. వారు కాయను ఆకులతో సహా ఆవనూనెలో వండుకొందురు. మనవారు పారవైచు ఆ ఆకు చక్కని రుచిగల ఆకుకూర. అయితే కాండమునకు ఆహారము సమకూర్చునవి ఆ యాకులే యగుటచే, పెరుగు దశలో వానిని త్రుంపక, కోతనాడు కాయతోపాటు ఇంటికి తెచ్చుకొనవలెను.