కొండ కడుపులో కలిసిన దారులు

ఏజియన్ సముద్రానికి తూర్పు అంచున, టర్కీ తీరానికి ఆనుకున్నట్టుగా ఉంటుంది సామోస్ ద్వీపం. మధ్యలోని మికాలీ జలసంధి ఇరుకైన చోట రెండు కిలోమీటర్లు కూడా లేదు. ద్వీపానికి ఆగ్నేయ తీరాన ఉన్న చిన్న రేవు పట్టణం పితాగోరియో. 1955 వరకు దాన్ని టిగానీ అనేవారు. ఈ ద్వీపంలో పుట్టిన పైథాగరస్ పేరు ఆ ఏడాది పెట్టారు. ఇప్పటి ఇళ్ల కిందే ప్రాచీన సామోస్ నగరం ఉంది. పడవలు కట్టేసే రేవు కట్ట కూడా పాత కట్ట పునాదుల మీద లేచిందే.

ఆ పాత కట్టను గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన చరిత్ర మూడో భాగంలో మెచ్చుకున్నాడు. గ్రీకులు కట్టిన వాటిలో గొప్పవి మూడు సామోస్‌లో ఉన్నాయన్నాడు. ఒకటి సముద్రంలో వేసిన కట్ట, ఇంకొకటి హేరా దేవి ఆలయం. పట్టణానికి పడమట కొన్ని కిలోమీటర్ల దూరంలో ఆ ఆలయ స్థలంలో ఇప్పుడు ఒకే ఒక్క స్తంభం నిలబడి ఉంది. ఈ రెండింటికంటే ముందు ఆయన చెప్పింది మాత్రం కొండను తొలిచిన సొరంగం గురించి. తొలిపించిన వాడి పేరూ చెప్పాడు: మెగారా నగరవాసి, నౌస్ట్రోఫోస్ కొడుకు యుపలినోస్. అప్పటి కట్టడాల్లో పాలకుడి పేరు మిగలడం మామూలే. పనివాడి పేరు, తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా మిగలడం అరుదు. నాకు ఈ పట్టణం మీద ఇంత ఇష్టం కలగడానికి మొదటి కారణం అదే.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో సామోస్ ఓడల మీద, వ్యాపారం మీద బలిసిన నగరం. జనం పెరిగారు, నీళ్లు చాలలేదు. మంచి ఊట ఉంది కానీ అది కొండకు అవతల, ఉత్తరాన, కోట గోడ బయట. కాలువను కొండ చుట్టూ తిప్పి తెస్తే ముట్టడికి వచ్చిన శత్రువు మొదట దాన్నే తెగ్గొడతాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, క్రీ.పూ. 525 ప్రాంతంలో స్పార్టా సేన నలభై రోజులు ఈ నగరాన్ని చుట్టుముట్టి, ఏమీ చేయలేక వెనుదిరిగింది. అందుకే నీటిదారి ఎవరి కంటా పడకుండా కొండ లోపలి నుంచే రావాలనుకున్నారు.

సొరంగం పొడవు 1036 మీటర్లు. ఎత్తు, వెడల్పు ఒక్కొక్కటి 1.8 మీటర్ల చొప్పున. పనిముట్లు సుత్తీ ఉలీ. అంత ఇరుకులో ఒకేసారి ఇద్దరికి మించి రాయి కొట్టే చోటు లేదు. పని త్వరగా కావాలంటే రెండు వైపుల నుంచీ తవ్వాలి, లోపల ఎక్కడో కలవాలి. దిక్కు చూపించే సూచి లేదు, పటం లేదు. రెండు ముఖద్వారాలనూ ఒకే మట్టానికి ఎలా తెచ్చాడు, దిశ కొండ మీదుగా గుంజలు పాతి తీసుకున్నాడా, చుట్టూ తిరిగి కొలిచాడా అన్నదాని మీద పండితుల్లో ఇప్పటికీ వాదన ఉంది.

ఉత్తరం వైపు తవ్వుతుండగా రాయి మెత్తబడి జారడం మొదలైంది. యుపలినోస్ తిన్నని గీతను వదిలి పడమరకు జరిగాడు, చెడ్డ రాయిని దాటాక మళ్లీ పాత గీత మీదికి తిరిగి వచ్చాడు. నేల పటం మీద అది ఒక త్రిభుజంలా కనిపిస్తుంది. చీకట్లో, పొగలో, ఎంత దూరం పక్కకు పోయామో లెక్క తప్పకుండా తిరిగి రావడం చిన్న పని కాదు. గోడల మీద ఎర్ర రంగుతో రాసిన గ్రీకు అక్షరాలు, కొలత గీతలు ఆ లెక్కకు సాక్ష్యంగా ఇంకా ఉన్నాయి.

అసలు పనితనం కలిసే చోట ఉంది. ఎదురెదురుగా వస్తున్న రెండు సొరంగాలు రెండు మీటర్లు పక్కకు తప్పినా చాలు, రైలు పట్టాల్లా పక్కపక్కనే సాగిపోతాయి, ఎప్పటికీ కలవవు. తన కొలత తప్పి ఉండవచ్చని యుపలినోస్ ముందే ఊహించాడు. ఇక దగ్గరపడ్డామనుకున్న చోట ఒక జట్టును ఎడమకు, రెండో జట్టును కుడికి తిప్పాడు. ఎదురెదురుగా నడిచేవాళ్లు అలా తిరిగితే ఇద్దరూ ఒకే పక్కకు ఏటవాలుగా సాగుతారు, ఎక్కడో ఒకచోట దారులు అడ్డంగా తగిలి తీరాలి. ఎత్తులో తేడా వస్తుందేమోనని ఉత్తరపు సొరంగంలో పైకప్పును పైకి లేపాడు, దక్షిణపు దానిలో అడుగును కిందికి దించాడు. తీరా చూస్తే ఎత్తులో తప్పు దాదాపు లేనే లేదు. తన లెక్క మీద అంత పట్టు ఉన్నవాడు, ఆ లెక్క తప్పితే ఏం చేయాలో కూడా రాతిలో ఏర్పాటు చేసుకున్నాడు. తిన్నగా తవ్వగలగడం కంటే ఈ వంపులే నాకు గొప్పగా తోస్తాయి.

సొరంగం అడుగు ఇంచుమించు సమతలంగా ఉంటుంది, దాని మీద నీళ్లు పారవు. నీటికి కావలసిన వాటం పక్కనే తవ్విన మరో కాలువలో ఉంది. ఉత్తరం కొసన నాలుగు మీటర్ల లోతున మొదలై దక్షిణం కొసకు దాదాపు తొమ్మిది మీటర్లకు దిగుతుంది. అంత లోతు రాయంతా తీయకుండా చాలాచోట్ల పై నుంచి గుంతలు దించి, వాటిని అడుగున కలుపుకుంటూ పోయారు. మధ్యలో రాయి అలాగే ఉండిపోయింది. కాలువ అడుగున ఒకదానిలో ఒకటి దూరేలా కాల్చిన మట్టి గొట్టాలు పరిచి, అతుకుల్లో సున్నం దట్టించారు. ఒక్కో గొట్టం సుమారు 70 సెంటీమీటర్ల పొడవు. ఒండ్రు పేరుకున్నాక తీసి శుభ్రం చేయడానికి చాలా గొట్టాల నెత్తిన కోత పెట్టారు. రాయి బలహీనంగా ఉన్నచోట సొరంగానికి రాతి గోడలు కట్టి, రెండు పలకలను ఒకదానికొకటి ఆనించి కోణంలా కప్పు వేశారు. ఇందులో నీళ్లు వెయ్యేళ్లకు పైగా పారాయి. తర్వాత బైజాంటిన్ కాలంలో దాడులప్పుడు జనం ఇక్కడే తలదాచుకున్నారు.

ఆ తర్వాత సొరంగం మరుగున పడింది. 19వ శతాబ్దంలో మళ్లీ బయటపడ్డాక 1880లలో దీనిలో నీళ్లు పారించాలని చూశారు, కుదరలేదు. 1971–73లో జర్మన్ పురావస్తు సంస్థ లోపల నిండిన మట్టిని తీయించింది. ఆ సంస్థ పరిశోధకుడు హెర్మాన్ కీనాస్ట్ ఏళ్ల తరబడి గోడలను కొలిచి 1995లో తన గ్రంథం వెలువరించాడు. 1992లో పితాగోరియో, హేరా ఆలయం కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. చూడబోయేవాళ్లకు ఒక మాట: దక్షిణ ద్వారం దగ్గర మెట్లు చాలా ఇరుకు, భుజాలు రెండు గోడలకూ రాసుకుంటాయి. అక్కడ ఆగిపోకండి, ముందుకు నడవండి. గోడల మీద ఉలి గాట్లు ఏ వైపుకు వాలి ఉన్నాయో గమనిస్తూ వెళితే, ఏ జట్టు ఎటు నుంచి తవ్వుకుంటూ వచ్చిందో మీకే తెలుస్తుంది.