చేవెళ్ల చెరువుల్లో గాలం వేట

గాలం వేటకు కట్టె, దారం, బెండు, గాలం, ఇంత ఎర ఉంటే చాలు. చేవెళ్ల, ముడిమ్యాల, మొయినాబాద్ వైపు చెరువు కట్టల మీద కూర్చునేవాళ్లను చూస్తే ఇంతకన్నా తీరుబడి పని లేదనిపిస్తుంది. కానీ ఏ చేప ఏ లోతులో తిరుగుతుంది, ఏ వేళకు మేస్తుంది, దాని నోరు ఎటు తెరుచుకుంటుంది అన్నవి తెలియని చేతికి పరకలు తప్ప మరేవీ తగలవు.

ఈ ప్రాంతపు వాన నీరు ఊరి చెరువులను నింపి, మిగిలింది వాగుల్లో పడి అటు మూసీకో ఇటు ఈసీకో చేరుతుంది. 1908 వరద హైదరాబాదును ముంచెత్తాక, మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ నీళ్లలో గాలానికి తగిలే పెద్ద చేపలు చాలావరకు మనిషి తెచ్చి వదిలినవే. బొచ్చె, రవ్వ, మృగాల వరద పారే ఏటి నీటిలోనే గుడ్లు పెడతాయి. చెరువులో ఎంత బలిసినా వాటికి అక్కడ సంతతి ఉండదు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో ఈ జాతి చేపలకు పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించడంతో, ఏళ్ల వెంట తిరిగి పిల్లలను ఏరుకునే అవసరం తప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2016–17 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలిస్తోంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. ఎండని నీటిలో వాలుగ, కొర్రమట్ట లాంటి వేటచేపలు మిగిలే ఉంటాయి కాబట్టి అక్కడికి కాస్త ఎదిగిన పిల్లలే కావాలి. బంగారు తీగ చేప మాత్రం చెరువులో సంతతి ఉండదన్న లెక్కకు లొంగదు. నాచుకు గుడ్లు అంటించి చెరువులోనే పిల్లలు చేస్తుంది.

పెంచి వదిలిన చేపను గాలంతో పట్టే సంప్రదాయం చల్లని దేశాల్లో ట్రౌట్ చుట్టూ పెరిగింది. బ్రిటన్ నుంచి తెచ్చిన గుడ్లతో 1900లో కాశ్మీర్ ఏళ్లలో ట్రౌట్ నిలదొక్కుకుంది. నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో పొదుగుడు కేంద్రం పెట్టారు. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు ఊపిరాడదు. రంగారెడ్డి జిల్లాలోనే కందుకూరు వైపు ఇప్పుడు దాన్ని పెంచుతున్నా, అది చల్లబరిచిన తొట్ల నీటిలోనే. ట్రౌట్ వేటలో ఎరకు బదులు ఈక, నూలు, వెంట్రుకలతో కట్టిన ఉత్తుత్తి పురుగు ఉంటుంది. దానికి బరువు ఉండదు కాబట్టి విసరడానికి పనికిరాదు. బరువంతా దారంలో పెట్టి, కట్టెను వెనక్కీ ముందుకూ ఆడించి దారాన్ని గాలిలో చాపితే, దాని కొసన పురుగు చప్పుడు లేకుండా నీటి మీద వాలుతుంది.

ఆ విద్యను ఈ దేశపు వేడి నీళ్లకు అన్వయించిన తొలివారిలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ ముఖ్యుడు. 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాసి, అది చాలదన్నట్టు 1887లో ఒక్క చెరువు వేటకే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని వేరే పుస్తకం వెలువరించాడు. ఏటి వేటగాడు చిన్నచూపు చూసే చెరువుకు విడిగా పుస్తకం దక్కడం సబబే. పారే నీటిలో ప్రవాహమే చేప జాడ చెబుతుంది. నిలిచిన నీటిలో ఆ సాయం ఉండదు.

చెరువు వేటలో మొదటి పాఠం లోతు. బొచ్చె కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది. అది పై నీటిలో తేలే సూక్ష్మజీవులను వడకట్టి తింటుంది. రవ్వ నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయి. అందుకే ముందుగా దారానికి సీసం గుండు కట్టి అడుగు తగిలేదాకా వదిలి లోతు కొలుస్తారు. తర్వాత కావలసిన చేపను బట్టి బెండును పైకో కిందికో జరుపుతారు. జానెడు తేడాతో పొద్దంతా వృథా అయ్యే సందర్భాలు కద్దు.

రెండోది ఎర. పరకలకు, మార్పులకు ఎర్రలు చాలు. రవ్వకు పిండి కావాలి: పల్లి చెక్క, తౌడు, గోధుమ పిండి కలిపి, నీటిలో వెంటనే కరగకుండా, గట్టిగా రాయి కాకుండా పిసకాలి. అదే పిండిని ముందుగా ఒకే చోట కొద్దికొద్దిగా చల్లి చేపలను మేతకు అలవాటు చేస్తారు. ఎక్కువ చల్లితే కడుపు నిండిన చేప గాలం దగ్గరికి రాదు. బొచ్చె కొరకదు, పీల్చుకుంటుంది. అందుకే దాని కోసం ఒకే ముద్ద చుట్టూ ఐదారు చిన్న గాలాలు అమర్చే పద్ధతి ఉంది. ముద్దను పీలుస్తుంటే ఏదో ఒకటి పెదవికి తగులుతుంది. పనితనం మాటెలా ఉన్నా, ఒంటి గాలంతో పట్టేవాళ్లు దీన్ని వేటగా ఒప్పుకోరు.

బెండు భాష మూడోది. చిటుకుచిటుకుమని వణికితే పరకలు. ఒక్కసారిగా మునిగి పక్కకు పరుగెడితే రవ్వ. నిలువుగా ఉన్న బెండు తేలి అడ్డంగా పడుకుంటే అడుగున ఏదో ఎరను గుండుతో సహా ఎత్తిందన్నమాట. కొత్తవాళ్లు దీన్ని గాలి అనుకుని వదిలేస్తారు. తగిలాక బలం చూపితే దారం తెగుతుంది. చేప గుంజినప్పుడు రీలు వదలాలి, అలిసి ఆగినప్పుడు చుట్టాలి, కట్టె వంపు మాత్రం ఎప్పుడూ సడలకూడదు.

కొర్రమట్ట వేట దీనికి పూర్తిగా వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఇది ఎవరూ వదలకపోయినా చెరువులో తనంతట తానే పెరుగుతుంది. మొప్పలతో పాటు గాలినీ పీల్చాలి కాబట్టి ఉండుండి పైకి వస్తుంది. తామరాకుల మధ్య లేచిన ఆ చిన్న సుడిని చూసే వేటగాడు చోటు ఎంచుకుంటాడు. వెనకటికి బతికిన కప్పను గాలానికి గుచ్చేవారు. ఇప్పుడు రబ్బరు కప్ప వచ్చింది, కప్పలకూ మేలే జరిగింది. ట్రౌట్ పద్ధతి ఈ నీళ్లకు అతికినట్టు సరిపోయేది ఇక్కడే: వెంట్రుకలతో కట్టిన తేలే కప్పను ఆకు మీద వాల్చి, కొంచెం కొంచెంగా లాగుతూ నీళ్లలోకి జార్చాలి. పళ్ల పదునుకు తెగకుండా కొసన మందపు దారం ఉండాలి. నీళ్లు భళ్లుమనగానే లాగితే కప్ప ఒక్కటే తిరిగొస్తుంది. చేప నోరు మూసుకునే దాకా ఒక క్షణం ఆగాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద మసలుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టే. వాటి మీదికి గాలం విసరడం తేలిక. తెలిసినవాళ్లు విసరరు, కాపలా పోయిన పిల్లలు పూటలో ఇతర చేపల పాలవుతాయి.

కట్ట మీద ఇద్దరు ఎదురైతే పలకరింపు ఒకటే: “ఏమన్న పడ్డయా అన్నా?” “ఏడ? పరకలే కొరుకుతున్నయ్.” జవాబు నిజమే కానక్కరలేదు. కానీ ఆ మాటతో పక్కన కూర్చునే వీలు కుదిరిపోతుంది. ఒకరి దారం వాలే చోట మరొకరు వేయరు. పక్కవాడికి పెద్దది తగిలితే తమ దారాలు చుట్టేసి దారిస్తారు, చేతివల పట్టుకుని నీళ్లలోకి దిగుతారు. గాలాలు, గుండ్లు అడగగానే ఇస్తారు. పిండిలో కలిపింది ఏమిటో మాత్రం సొంత తమ్ముడికీ చెప్పరు.

ఈ స్నేహాల్లో మూడో మనిషి ఒకరున్నారు. చెరువు చేప మీద హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది. గంగపుత్రులు, ముదిరాజులు తరాలుగా ఈ నీటిని నమ్ముకున్నవారు. పట్నం నుంచి రీలు, ఖరీదైన కట్టెతో వచ్చినవాళ్లు ముందు సంఘంవాళ్లను అడిగి కూర్చోవడం మర్యాదే కాదు, న్యాయం కూడా. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు కనుక అక్కడి ఆంక్షలు వేరు. వల చిన్నాపెద్దా చూడదు. గాలం పట్టినదాన్ని ఒక్కొక్కటిగా చూసుకునే వీలిస్తుంది, వద్దనుకున్నది బతికి వెళ్లగలదు. అందుకు చేతులు తడిపి పట్టుకోవాలి. పొడి చేతికి చేప ఒంటి జిగురు ఊడి వస్తుంది, ఆ చోట తెగులు పడుతుంది.

ఎండాకాలం నీరు తగ్గాక సంఘాలు పెద్ద వలలు లాగుతాయి. ఆ తర్వాత చిన్న చెరువుల్లో బురదలో దాగిన కొర్రమట్టలు తప్ప పెద్దగా మిగలవు. వానలకు నీరు చేరాక వదిలిన పిల్లలు కిలో దరిదాపులకు రావాలంటే ఇంచుమించు ఏడాది పడుతుంది. ఎండే చెరువులో వదిలిన చేపకు అంతకు మించి వయసు రాదు. పది కిలోల బొచ్చె కావాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఎండని నీటినే వెతుక్కుంటారు.