పందెపు కారుకు ఇంజను వెదకుట

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులై, పిమ్మట సొంతముగ సర్కసు నడిపి దేశమంతట పేరు గడించిన కోడి రామమూర్తినాయుడుగారు రెండు భుజములకు ఇనుపగొలుసులు తగిలించుకొని, వాటి కొసలను రెండు మోటారుకార్లకు కట్టించి, ఆ కార్లను చెరియొక దిక్కునకు నడుపుడని చెప్పి, తాము నడుమ రాతిస్తంభమువలె నిలుచువారని మా పెద్దలు చెప్పుకొనుచుండగా చిన్నతనమున ఎన్నిసార్లు వినియుంటినో లెక్కలేదు. అప్పట్లో మాకు అబ్బురమనిపించినది ఆయన కండబలమొక్కటే. ఇంజనీరింగు చదువు పిల్లల నడుమ చాలాకాలము మెలగిన పిమ్మట ఆ కథలో మరియొక సంగతి కూడ కలదని నాకు తోచినది. ఆ కార్లు కదలకపోవుటకు నాయుడుగారి భుజములు ఎంత కారణమో, వాటి చక్రములు నేలను పట్టుకొనజాలక జారుటయు కొంత కారణమై యుండవలెను. ఇంజనులో ఎంత సత్తువ యున్నను నేల పట్టిచ్చినంత మేరకే అది బండికి చెల్లును. తక్కినది టైరు కాలిన వాసన. విద్యార్థులు తమ చేతులతో కట్టుకొను పందెపుకారుకు ఏ ఇంజను తగును, దాని బలమును చక్రము దాక ఏ దారిని తీసికొనిపోవలెను అను విచారమును నేను ఈ నేల దగ్గరనే మొదలుపెట్టుదును.

ఈ విద్యార్థి శకటముల సంప్రదాయము మరీ పాతది కాదు. 1981లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఫార్ములా ఎస్.ఏ.ఈ. అను పేర ఆరంభమై, 1998లో ఇంగ్లండుకును, 2006లో జర్మనీకిని ప్రాకినది. మన దేశమున మిట్టపల్లములపై పరుగెత్తు బాజా బండ్ల పోటీ 2007లో ఇండోరు చేరువనున్న పీథంపూరులో మొదలు కాగా, చదునైన బాటపై పరుగెత్తు ఫార్ములా కార్లకు 2011 నుండి సుప్రా పోటీయు, అటుపిమ్మట కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్ పోటీయు ఏర్పడినవి. చింతలవలస, జొన్నాడ, రాజాము మొదలైన చోట్ల ఇంజనీరింగు కళాశాలలు వెలసి, గురజాడవారి పేర సాంకేతిక విశ్వవిద్యాలయమే వర్ధిల్లుచున్న మా విజయనగర ప్రాంతమున ఈ కారుల ముచ్చట ఎరుగని మెకానికల్ విద్యార్థి ఉండడు. (గురజాడవారి ఊరనుండి ఈ గ్రాంథికపు వాసనతో వ్రాయుచున్నందుకు వారి అభిమానులు నన్ను మన్నింతురు గాక, చిన్ననాటి అలవాటు.)

మా ఊరి పైడితల్లి జాతరలో ఊరేగించు సిరిమానుకు చెట్టును ముందు ఎన్నుకొని, పిమ్మట దానికి తగినట్లు బండిని అమర్చుదురు. చెట్టెక్కడ ఉన్నదో అమ్మవారే పూజారికి కలలో కనబడి చెప్పునని నమ్మకము. మా కుర్రవాండ్రును అదే క్రమమున ముందుగ ఇంజనును కొని, అటుపిమ్మట దానిచుట్టు కారును కట్టబూనుదురు. ఇంజను విషయమున ఏ దేవతయు కలలోనికి వచ్చుట నేనెరుగను. కావున క్రమమును తలక్రిందులు చేసి, ముందు బాటను చూచి, పిమ్మట టైరును, పిమ్మట గొలుసును, కట్టకడపట ఇంజనును చూడవలెను.

బాట ఎట్టిదనగా, సూటిగ పరుగెత్తు పరీక్ష 75 మీటర్లు మాత్రమే. ఎనిమిది అంకె ఆకారమున తిరుగు పరీక్షలో లోపలి వలయము వ్యాసము పదిహేను మీటర్ల పైచిలుకు. అన్నిటికంటె పెద్దదైన సహన పరీక్ష 22 కిలోమీటర్లు. అందులోను మలుపు మీద మలుపే గాని కన్ను నిలిపి చూచునంత తిన్నని దారి ఉండదు. సగటు వేగము గంటకు ఏబది కిలోమీటర్లకు అటునిటుగా మాత్రమే ఉండును. ఫార్ములా ఎస్.ఏ.ఈ. లెక్కలో మొత్తము వేయి మార్కులలో సూటి పరుగునకు 100, సహన పరీక్షకు 275, ఇంధనపు పొదుపునకు మరి 100 కేటాయించియున్నారు. 325 మార్కులు కారు కదలకమునుపే, అది ఇట్లే యేల కట్టితిరి, ఖర్చెంత అని న్యాయనిర్ణేతలు అడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుటలో ఉన్నవి. ఈ లెక్కను గోడమీద వ్రాసి పెట్టుకొన్న జట్టు గంటకు రెండువందల కిలోమీటర్ల ఇంజను కొరకు అప్పు చేయదు.

ఎన్నికలో కడపటిదైనను చెప్పుటలో ఇంజనును ముందు పెట్టుచున్నాను. ఇక దాని కంఠమున బిగించు ఉంగరము సంగతి. నియమము ప్రకారము 710 ఘనసెంటీమీటర్లకు మించని నాలుగు స్ట్రోకుల ఇంజను దేనినైన వాడుకొనవచ్చును. కాని అది పీల్చు గాలియంతయు 20 మిల్లీమీటర్ల వ్యాసము గల ఒకే రంధ్రమునుండి పోవలెను. ఆ చిన్న రంధ్రమే ఈ ఆటలోని రహస్యమంతయు. గాలి అందులో ధ్వనివేగమును అందుకొనినంతనే, ఇంజను ఎంత గట్టిగ లాగినను సెకనుకు సుమారు 75 గ్రాములకు మించి ఒక్క గ్రాము కూడ లోనికి రాదు. నాలుగు సిలిండర్ల 600 సి.సి. ఇంజను నిమిషమునకు పన్నెండువేల చుట్లు తిరుగునప్పటికి దాని ఆకలి సరిగా ఈ హద్దును తాకును. ఆపైన తిరిగినను అది అరుపే గాని పని కాదు. రోడ్డుమీద నూరు గుర్రములకు పైబడి లాగిన ఆ యంత్రము ఇక్కడ 80కి అటునిటుగా దిగివచ్చును.

ఒంటి సిలిండరు ఇంజను కథ వేరు. మన పూనా చేరువనున్న చాకన్‌లో తయారైన పాత కె.టి.ఎం. 390 బండి ఇంజనును తీసికొందము. 373 సి.సి. కలిగి, 36 కిలోలకు మించని ఈ ఇంజను తొమ్మిదివేల చుట్ల దగ్గర సెకనుకు పీల్చు గాలి సగటున 34 గ్రాములు మాత్రమే. అనగా ఆ రంధ్రములో సగము కూడ దీనికి అక్కరలేదని తోచును. ఇక్కడనే విద్యార్థులు పొరబడుచుందురు. ఒంటి పిస్టను నాలుగు దెబ్బలలో ఒక్క దెబ్బలోనే గాలి పీల్చును. తక్కిన మూడింట ఊరకుండును. కావున ఆ ఒక్క గుటకలో అది కోరునది సగటునకు నాలుగింతలు, అనగా 130 గ్రాముల పైమాట. రంధ్రము ఇవ్వగలిగినది 75. గొంతు పట్టుకొన్నట్లగును. దీనికి విరుగుడు రంధ్రమునకును ఇంజనుకును నడుమ ఒక గాలిగదిని అమర్చుట, దానినే ప్లీనమందురు. ఇంజను ఊరకున్న మూడు దెబ్బలలో ఆ గది నిండును, నాలుగవ దెబ్బలో ఖాళీయగును. ఊరిబావి రాత్రంతయు ఊరి తెల్లవారి బిందెలకు అందినట్లు. గది మరీ చిన్నదైనచో గాలి చాలదు. మరీ పెద్దదైనచో డ్రైవరు కాలు నొక్కిన పిమ్మట ఇంజను తీరికగ మేల్కొనును. రంధ్రము వెనుక గొట్టము సన్నాయి బూరవలె మెల్లమెల్లగ వెడల్పు కావలెను గాని చప్పున విప్పారరాదు. విప్పారినచో గాలి గోడను వదలి సుడులు తిరుగును.

నాలుగు సిలిండర్ల ఇంజను బరువు 60 కిలోల చేరువ. కారంతయు రెండువందల కిలోల చుట్టుప్రక్కల తూగు చోట ఇరువది కిలోలకు పైబడిన వ్యత్యాసము అల్పము కాదు. పైగా ఇంజను పొడవైన కొలది వెనుక చట్రము పొడవగును, చట్రముతో బరువును పెరుగును. ఆ నాలుగు సిలిండర్ల ఇంజనుకును దాని మేలు లేకపోలేదు. నడక మృదువు, అదురు తక్కువ, బలము అధికము. ఒంటి సిలిండరు అదురునకు బోల్టులు వదులగుటయు, రేడియేటరు అతుకులు పగులుటయు నేను కన్నులార చూచినదే. అయినను ఏబది కిలోమీటర్ల సగటు వేగము గల బాటకు, ఇంధనపు పొదుపునకు నూరు మార్కులున్న ఆటకు, మొదటి కారు కట్టు జట్టునకు ఒంటి సిలిండరే తగునని నా తీర్మానము.

ఏ ఇంజనైనను మోటారుసైకిలుకు పుట్టినదే గనుక ఒక పుట్టుకలక్షణము దానిని వెన్నాడుచుండును. మోటారుసైకిలు మలుపులో ఒరుగును. అందుచేత ఆయిలు ఎప్పుడును అడుగుననే నిలిచియుండును. కారు ఒరగదు. కారు గట్టిమలుపు తిరుగునప్పుడు ఆయిలంతయు ఒక ప్రక్క గోడకెక్కి, పంపు నోట గాలి చొచ్చి, బేరింగులు క్షణములో ఎండిపోవును. అడుగుపళ్ళెములో అడ్డురేకులు వెల్డు చేయించుటకు అగు ఖర్చు ఇంజను ఖరీదు ముందు చాల స్వల్పము. అది చేయించక ఇంజను పోగొట్టుకొన్న వారిని తలచుకొనిన ఇప్పటికిని బాధయే.

ఇంజనునుండి చక్రమునకు దారి గొలుసే. మోటారుసైకిలు గేరుపెట్టె ఇంజనుతోనే వచ్చును గనుక, ముందు పళ్ళచక్రమునుండి వెనుక ఇరుసు మీది పళ్ళచక్రమునకు చైను వేసిన చాలును. చౌక, తేలిక, పది నిముషములలో మార్చుకొనవచ్చును. ఈ పళ్ళ లెక్కలోనే కారు స్వభావము దాగియున్నది. మోటారుసైకిలు వెనుక టైరు చుట్టుకొలత 1.9 మీటర్ల చేరువ. మనము వేయు 18 అంగుళముల పందెపు టైరుది 1.44 మీటర్లు మాత్రమే. ఇంజను తొమ్మిదివేల చుట్లు తిరుగుచు, గేర్లు పళ్ళు అన్నియు కలిసి పదకొండింతలు తగ్గించినచో చక్రము నిమిషమునకు 818 చుట్లు తిరుగును. మోటారుసైకిలు గంటకు 93 కిలోమీటర్లు పోవుచోట మన కారు 71 మాత్రమే పోవును. చిన్నటైరే మనకు వరప్రసాదముగ సగము పని చేసిపెట్టినదన్నమాట. మిగిలిన సగము వెనుక చక్రమున రెండు పళ్ళు కలుపుటయో తీయుటయో. డ్రైవరు ఒక్క మలుపునుండి మరియొక మలుపు దాక గేరు మార్చనక్కరలేకుండునట్లు ఆ పళ్ళను కుదుర్చుకొనినవాడు గెలుచును. చైను లింకులు సరిసంఖ్యలోనుండును గనుక పళ్ళు బేసిసంఖ్యలోనుండుట మేలు; ప్రతి పన్నును లింకులను మార్చి మార్చి తాకి అరుగుదల సమముగ పంచుకొనును.

ఇరుసున డిఫరెన్షియల్ పెట్టవలెనా వద్దా అన్నది మరియొక తగవు. రెండు వెనుక చక్రముల నడుమ 1.2 మీటర్ల ఎడమున్నచో, కారు ఒక పూర్తి వలయము తిరుగునప్పటికి బయటి చక్రము లోపలిదానికంటె ఏడున్నర మీటర్లు అధికముగ దొర్లవలసి యుండును. రెంటిని ఒకే ఇరుసునకు బిగించి విడిచిన అవి ఒకదానినొకటి ఈడ్చుకొని, ముందు చక్రములను మలుపు బయటికి త్రోయును. మామూలు డిఫరెన్షియల్ పెట్టినచో లోపలి చక్రము కొంచెము లేచినంతనే బలమంతయు దానికే పోయి గాలిలో తిరుగును. రెంటికి నడుమ జారుడును అదుపు చేయు పరిమిత జారుడు డిఫరెన్షియల్ ఉత్తమము. డ్రెక్స్‌లర్ వంటి జర్మనీ సరకు ప్రియము. చేతిలో డబ్బు లేని జట్టు ఒకే ఇరుసుతో కట్టి, డ్రైవరునకు మలుపులు నేర్పుట సిగ్గుపడవలసిన పని కాదు.

గొలుసు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక కళాశాల జట్టు కారుకు మూడు చైనులు వరుసగ తెగినవి. పిల్లలు చైను కంపెనీని తిట్టుచు, కంటోన్మెంటు వైపు ఒక చిన్న లేతు షెడ్డుకు నన్నును వెంటబెట్టుకొని పోయిరి. అక్కడి ముసలి మేస్త్రి తెగిన లింకును ఎండలో త్రిప్పి చూచి, "ఏటి బాబూ, గొలుసును తిట్టి ఏటి లాభం? ముందల పళ్లూ ఎనకాల పళ్లూ ఒక్క గీతలో ఉన్నాయో నేదో సూసేరా?" అని అడిగెను. "స్కేలెట్టి కొలిసేం తాతా" అనిరి పిల్లలు. అతడు నవ్వి, జేబునుండి నూలుదారము తీసి, వెనుక పళ్ళచక్రము ముఖమునకు ఆనించి బిగలాగి ముందుకు తెచ్చెను. దారము ముందు చక్రమును తాకలేదు. నడుమ గోరు దూరునంత సందు కనబడెను. రెండు మిల్లీమీటర్లకు మించదు. ఇంజను బిగించు చీలకల క్రింద రెండు వాషర్లు పడినవి, అంతే. ఆ యేడు మరి చైను తెగలేదు. తెగు చైను డ్రైవరు వీపు వెనుకనే ఉండును గనుక, దానిపై 2.66 మిల్లీమీటర్ల దళసరి ఉక్కురేకును, చైను వెడల్పునకు మూడింతల వెడల్పున కప్పవలెనని నియమము. ఆ దారమును చూచిన పిమ్మట ఆ నియమము ఎందుకో పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేకపోయినది.

బాజా బండ్లకు ఈ తగవు లేదు. నిర్వాహకులు చెప్పిన ఇంజనే అందరికిని, చాలకాలము అది బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి 10 గుర్రములది, కావున అక్కడి తెలివియంతయు బెల్టు గేరులోనో మహీంద్రా ఆల్ఫా ఆటో గేరుపెట్టెలోనో చూపవలెను. విద్యుత్తు కార్లు వేరే శాఖగ వచ్చినవి. వాటికి 80 కిలోవాట్ల హద్దు కలదు, గాలిరంధ్రపు గొడవ లేదు.

సహన పరీక్ష నడుమ డ్రైవర్లు మారునప్పుడు ఇంజను ఆపవలెను. కాగిన ఇంజను మరల అంటుకొనక ఎన్ని కార్లు అక్కడనే నిలిచిపోయినవో! కొనబోవు ఇంజనును చల్లగానున్నప్పుడు గాక, అరగంట నడిపి కాగిన పిమ్మట ఆపి, మరల కొట్టి చూచి కొనుడు. దాని గాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు విశాఖపట్నమున ఒక పూటలో దొరకునో లేదో ముందే విచారించుడు. కోయంబత్తూరు రైలెక్కునాడు పెట్టెలో రెండవ చైనును, దానికి సరిపడు జోడింపు లింకును, ఒక ఉండ నూలుదారమును వేసికొనుట మరువకుడు.